పాత ట్రాక్టర్ల సేకరణ: భార్యాభర్తలిద్దరికీ నచ్చే మొదటి బండి ఏది?

కాలువగట్టు_టీచరమ్మ

మాది తణుకు దగ్గర కాలువగట్టు మీది ఊరు. నేను బడిలోనూ, మావారు నీటిపారుదల శాఖలోనూ పనిచేసి ఒకే ఏడాది పదవీ విరమణ చేశాము. కొబ్బరితోటలో పాత ధాన్యపు కొట్టు ఒకటి ఖాళీగా ఉన్నది. దాని రేకులు మార్పించి, అందులో పట్టినన్ని, అంటే మూడు పాత ట్రాక్టర్లు కొని, బాగుచేయించి, నడిచే స్థితిలో ఉంచుకోవాలని ఇద్దరమూ ఇష్టపడే అనుకున్నాము. ఎంత సొమ్ము పెట్టాలన్న విషయంలో కూడా మాకు తేడా రాలేదు. మొదటి బండి ఏది అన్న దగ్గర మాత్రం నాలుగు నెలలుగా మాట కుదరడం లేదు.

నాకు మహీంద్రా బి-275 కావాలి. 1974లో మా నాన్నగారు కొన్నది అదే. దాళ్వా దమ్ముకు ఇనుప చక్రాలు తగిలించుకుని అది చేలోకి దిగితే, ఆ శబ్దాన్ని బట్టే మా అమ్మ ఇంకా ఎన్ని మడులు మిగిలాయో చెప్పి, ఆ లెక్కన ఎసరు పెట్టేది. 1986 గోదావరి వరదల తరువాత దాన్ని అమ్మేశారు. మావారికి బూడిదరంగు ఫెర్గూసన్ టీఈ-20 కావాలి. చిన్నప్పుడు వారి ఊరి కామందుగారి దొడ్లో అది ఉండేదట.

ఇప్పుడు రెండూ కంటికి కనబడుతున్నాయి. నిడదవోలు వైపు ఒక బి-275 ఉన్నది. ఇంజను నడుస్తున్నది కాని వెనుక నాగలిని పైకెత్తే హైడ్రాలిక్ లిఫ్ట్ పనిచేయడం లేదు. కోయంబత్తూరు వైపు ఒక ఫెర్గూసన్ ఉన్నది. దాని ఇంజను పట్టేసింది, కాగితాలు కూడా దొరకడం లేదంటున్నారు. అడుగుతున్న ధర మాత్రం ఇంచుమించు ఒకటే. ఇలా ఇద్దరు కలిసి సేకరించేవారు మొదటిది ఎలా ఎంచుకున్నారో, ఏ విషయంలో నష్టపోయారో తెలిసినవారు చెప్పగలరు.

మాగాణి_రైతు

ఆ సొమ్ముతో మంచి రోటావేటర్ వస్తుంది. పని లేని ట్రాక్టర్ కొట్టులో నిలబడితే టైర్లు పగులుతాయి, ట్యాంకులో తుప్పు పడుతుంది. మీ ఇష్టాన్ని తప్పుపట్టడం లేదు కాని, దున్నని బండిని కొనడం నాకు మనస్కరించదు.

ఎర్రబానెట్

మాగాణి_రైతు గారూ, నడిచే స్థితిలో ఉంచుకుంటామని టీచరమ్మగారు మొదటి పేరాలోనే రాశారు. అలా ఉంచేవారి దగ్గర బండి పాడవదు.

టీచరమ్మగారికి ఒక చిన్న సవరణ. 1974లో మీ నాన్నగారు కొన్న బండిని ఆ రోజుల్లో మన ఊళ్ళల్లో ఎక్కువమంది 'ఇంటర్నేషనల్' అనే పిలిచేవారు. 1963లో మహీంద్రావారు అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తోనూ, వోల్టాస్‌తోనూ కలిసి ఇంటర్నేషనల్ ట్రాక్టర్ కంపెనీ ఆఫ్ ఇండియాను పెట్టారు. ఆ కంపెనీ 1977లో మహీంద్రాలో కలిసిపోయింది. బి-275 రూపకల్పన అసలు ఇంగ్లండులోని ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారిది. అక్కడ ఆ నమూనా ఆగిపోయిన తరువాత కూడా మన దగ్గర దశాబ్దాల తరబడి తయారవుతూనే ఉన్నది. కనుక మీరు చూస్తున్న బండి ఏ సంవత్సరానిదో నిర్ధారించుకోండి. పేరు ఒకటే అయినా 1974 నాటి రేకుపనికీ, దీపాలకూ, స్టీరింగుకూ, తరువాతి వాటికీ తేడాలు ఉంటాయి. మీకు కావలసింది నాన్నగారి బండిలాంటిదే అయితే ఆ తేడా కొన్న మరునాటి నుంచీ మీ కంట్లో నలుసులా ఉంటుంది. నాకు అలాగే జరిగింది. 1990ల నాటి దాన్ని కొని, పాత బండి ముందుభాగం కోసం రెండేళ్లు తిరిగాను.

మేలైన విషయం ఏమిటంటే, ఆ నాలుగు సిలిండర్ల ఇంజను తెలియని మేస్త్రి కోస్తా జిల్లాల్లో ఉండరు. పిస్టన్లు, స్లీవులు, గాస్కెట్లు, క్లచ్ ప్లేటు అన్నీ దొరుకుతాయి. మొదటి బండికి అంతకంటే కావలసిందేముంది?

లాకుల_దగ్గర

నేను టీచరమ్మగారి భర్తను. ఆమె రాసినదంతా నిజమే కాని, కామందుగారి దొడ్లో చూశాను గనుక కావాలంటున్నానన్నది సగమే. మిగిలిన సగం నేను చెప్పాలి.

హ్యారీ ఫెర్గూసన్‌కు పూర్వం ట్రాక్టరు వెనుక నాగలిని గొలుసుతోనో కొక్కెంతోనో లాగేవారు. నాగలి మొద్దుకో బండకో తగిలి ఆగిపోతే వెనుక చక్రాలు మాత్రం తిరుగుతూనే ఉండి, ముందుభాగం గాలిలోకి లేచి, బండి నడిపేవాడి మీద తిరగబడేది. ఫెర్గూసన్ నాగలిని మూడు కడ్డీలతో బండికి కట్టి, దాన్ని హైడ్రాలిక్ పంపుతో అనుసంధానం చేశాడు. నాగలి మీద పడే బరువు బండి ముందుభాగాన్ని లేపడానికి బదులు వెనుక చక్రాలను నేలకు అదిమి పట్టుకుంటుంది. లాగే బలం ఎక్కువైతే పంపు దానంతటదే నాగలిని కొద్దిగా పైకెత్తుతుంది. ఈ రోజు ఏ ఊళ్లో ఏ కంపెనీ ట్రాక్టరు వెనుక చూసినా ఆ మూడు బిందువుల అమరికే కనబడుతుంది. నేను నలభై ఏళ్లు లాకుల తలుపులు, గేర్లు, నీటి ఒత్తిడి చూసినవాడిని. అంత చిన్న యంత్రంలో అంత ఆలోచన ఇమిడి ఉండడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

టీఈ-20ని 1946 నుంచి 1956 వరకు కోవెంట్రీలోని బ్యానర్ లేన్ కర్మాగారంలో స్టాండర్డ్ మోటార్ కంపెనీ తయారుచేసింది. అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ 1958 జనవరి 4న దక్షిణ ధ్రువానికి చేరింది కూడా చక్రాలకు పట్టాలు బిగించిన ఈ ఫెర్గూసన్ల మీదే. అటువంటి బండి ఒకటి మన కొట్టులో ఉండాలన్నది నా కోరిక. మా ఆవిడ కోరిన బి-275 వద్దని నేను ఎన్నడూ అనలేదు. ఫెర్గూసన్లు రోజురోజుకూ తుక్కు కింద పోతున్నాయి, బి-275 వచ్చే ఏడు కూడా దొరుకుతుంది అన్నదే నా వాదన.

మాగాణి_రైతు

నాగలి ఎత్తే సంగతి నాకు తెలియదు. ముప్పై ఏళ్లుగా ఆ లీవరు పట్టుకుంటున్నా అది ఎవరి ఆలోచనో ఎన్నడూ అడగలేదు. ఇంకా రాయండి.

ఆటోనగర్_పెద్దమేస్త్రి

విజయవాడ ఆటోనగర్‌లో ఇంజను పని చేసి విశ్రాంతి తీసుకున్నాను. మీరిద్దరూ ప్రేమతో మాట్లాడుతున్నారు, నేను ఇనుము సంగతి చెబుతాను.

పట్టేసిన ఇంజనులో రెండు రకాలు ఉన్నాయి. నిలువ ఉండి, సైలెన్సర్ గొట్టం గుండా వాననీరు దిగి, రింగులు తుప్పుతో సిలిండరుకు అంటుకున్నది ఒక రకం. నూనె లేకుండా నడిపితే బేరింగులు కరిగి పట్టేసినది రెండో రకం. మొదటిదాన్ని చాలాసార్లు బతికించవచ్చు. ప్లగ్గులో, నాజిళ్లో విప్పి, ఆ రంధ్రాల గుండా డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి, వారం పది రోజులు నానబెట్టి, ఫ్లైవీలును, అంటే ఇంజను వెనుక ఉండే పెద్ద పళ్లచక్రాన్ని, చేత్తో ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదపాలి. ఇంకో ట్రాక్టరుకు కట్టి గేరులో వేసి లాగించవద్దు. కనెక్టింగ్ రాడ్ వంగితే నానబెట్టిన ఫలమంతా పోతుంది. రెండో రకమైతే క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగు దాకా వెళుతుంది. ఫెర్గూసన్‌కు ఆ కొలత బేరింగులు ఇక్కడ అంగడిలో దొరకవు, తెప్పించుకోవాలి. అమ్మేవాడు అది ఏ రకమో చెప్పడు. ఇంజను అడుగున ఉండే ఆయిల్ సంపు విప్పి చూడనిస్తే చూడండి, చూడనివ్వకపోతే రెండో రకమని లెక్కగట్టి ధర మాట్లాడండి.

బి-275 లిఫ్ట్ ఎత్తకపోవడం మన ప్రాంతంలో మామూలే. దమ్ములో తిరిగిన బండికి సీళ్ల గుండా నీరు పోతుంది. లిఫ్టు నూనె తీసి చూడండి. పాలు ఎక్కువైన టీలా ఉంటే నీరు కలిసినట్టే. ఒక్కోసారి నూనె మార్చి, జల్లెడ కడిగితేనే ఎత్తుతుంది. ఎత్తకపోతే పంపు చూడాలి. లిఫ్టు కంటే ముందు మీరు చూడవలసింది వెనుక ఇరుసు. ఏళ్ల తరబడి ఇనుప చక్రాలతో లోతు దమ్ములో తిరిగిన బండికి ఇరుసు బేరింగులూ, ఇరుసును తిప్పే పళ్లచక్రాలు (క్రౌన్ పినియన్) కూడా బాగా అరుగుతాయి. వెనుక చక్రాన్ని జాకీ మీద లేపి, చేత్తో పట్టుకుని ఊపి, ఎంత ఆట ఉందో చూడండి.

రవాణా_విశ్రాంతి

కాగితాలు లేని బండి గురించి రాయకుండా ఉండలేకపోతున్నాను. రవాణా శాఖలో పనిచేశాను గనుక చెబుతున్నాను, 2021 జూలైలో కేంద్రం తెచ్చిన పురాతన వాహనాల నిబంధనలు చూసి చాలామంది ట్రాక్టర్లకు కూడా ఆ ప్రత్యేక నంబరు వస్తుందనుకుంటున్నారు. 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలకూ, సొంత వాడకపు కార్లకూ మాత్రమే అవి వర్తిస్తాయి. ట్రాక్టరు ఆ కోవలోకి రాదు. కనుక దాన్ని రోడ్డెక్కించాలంటే మామూలు రిజిస్ట్రేషనే గతి. మోటారు వాహనాల చట్టం 41వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు, ఆ తరువాత తనిఖీ చేయించి అయిదేసి ఏళ్లకు పునరుద్ధరించుకోవాలి. దానికి 25వ నంబరు ఫారం పెట్టాలి.

యజమాని చనిపోయి ఉంటే వారసులు ముందు 31వ నంబరు ఫారంతో తమ పేరు మీదికి మార్పించుకుని, ఆ తరువాతే మీకు అమ్మాలి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. ఇంకొక సంగతి ఎవరూ చూడరు. 1970లలో చాలా ట్రాక్టర్లను భూమి తనఖా బ్యాంకు అప్పుతో కొన్నారు. అప్పు ఎప్పుడో తీరిపోయినా ఆర్‌సీ పుస్తకంలో తనఖా నమోదు కొట్టివేయకుండా మిగిలిపోయి ఉంటుంది. దాన్ని తీయించడానికి 35వ నంబరు ఫారం మీద బ్యాంకు సంతకం కావాలి. ఆ బ్యాంకు ఇప్పుడు ఇంకొక బ్యాంకులో కలిసిపోయి ఉంటే మీ తిరుగుడు మొదలైనట్టే. నిడదవోలు బండి ఆర్‌సీలో ఆ పేజీ చూడండి. ఆర్‌సీలోని ఛాసిస్ నంబరును వేరే కాగితంతో కాదు, బండి మీద ఉన్న అంకెలతో పోల్చుకోండి.

కాలువగట్టు_టీచరమ్మ

ఆర్‌సీ తెప్పించి చూశాను. మూడక్షరాల పాత నంబరే ఉన్నది, తనఖా నమోదు కూడా ఉన్నది. మీరు రాయకపోతే నేను ఆ పేజీ తిప్పేదాన్నే కాదు. అమ్మే పెద్దాయన, అప్పు తీర్చినప్పటి రసీదు తమ ఇనుప పెట్టెలో ఉందని, వెతికి ఇస్తామని చెప్పారు.

పాలమూరు_జంట

ఈ పోస్టును మేమిద్దరం కలిసి రాస్తున్నాము. మా దగ్గర రెండు బండ్లు ఉన్నాయి. ఒకటి ఐషర్ 241, రెండోది హెచ్‌ఎంటీ 2511. మొదటిది ఆమె ఎంపిక, రెండోది నా (భర్త) ఎంపిక.

1959 ఏప్రిల్ 24న ఫరీదాబాదులో మన దేశంలో తయారైన మొదటి ట్రాక్టరు బయటికి వచ్చింది ఐషర్ కర్మాగారం నుంచే. మా 241 ఆ తరువాతి కాలపుది. ఒకే సిలిండరు కనుక గుండె చప్పుడులా ఒక్కొక్క దెబ్బా విడివిడిగా వినబడుతుంది. మా ఆమె దాన్నే ఎందుకు కోరుకున్నదంటే, విప్పితే లోపల ఏముందో ఆమెకు అర్థమయ్యే ఇంజను అదొక్కటే. ఇప్పుడు నాజిల్ తీసి పెట్టడమూ, వాల్వుల ఎడం సరిచేయడమూ ఆమే చేస్తున్నది. హెచ్‌ఎంటీ రెండు సిలిండర్లది. 1971లో చెకోస్లోవేకియా జెటార్ నమూనాతో పింజోరులో మొదలైన బండి. ఆ కర్మాగారంలో ట్రాక్టర్ల తయారీని 2016లో మూసివేశారు కనుక కొన్ని భాగాలకు ఇప్పుడు వెతకాల్సి వస్తున్నది.

మేము చేసిన పొరపాటు చెబుతాము. హెచ్‌ఎంటీని నేను (భర్త) ఆమెకు చెప్పకుండా బయానా ఇచ్చి వచ్చాను. బండి మంచిదే, ధర మంచిదే, కాని ఆరు నెలల పాటు ఆమె దాని దగ్గరికి రాలేదు. అంతవరకు ఆదివారాలు ఇద్దరం కలిసి చేసుకునే పని నా ఒక్కడి పని అయిపోయింది. ఆ తరువాత ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాము. ఏ బండి చూసినా ఎడమ పేజీలో ఆమె, కుడి పేజీలో నేను ఒకరిది ఒకరం చూడకుండా రాసి, తరువాత కలిపి చదువుతాము. ఒకరు వద్దంటే కారణం అడగకుండా వదిలేస్తాము. గత మూడేళ్లలో పదకొండు బండ్లు చూసి, ఒక్కటీ కొనలేదు.

నల్లరేగడి_కర్నూలు

పదకొండు చూసి ఒక్కటీ కొనకపోవడం నాకు అన్నిటికంటే నచ్చింది. మా ఇంట్లో ఆ పుస్తకం ఉండి ఉంటే ఇప్పుడు దొడ్డి నిండా విడిభాగాలు ఉండేవి కావు.

ఆటోనగర్_పెద్దమేస్త్రి

లాకుల_దగ్గర గారికి ఒక మధ్యేమార్గం చెబుతాను. ఫెర్గూసన్ హైడ్రాలిక్ ఆలోచన మీద ఇష్టమైతే మాసీ ఫెర్గూసన్ 35 వంశంలోని బండిని చూడండి. 1960లో మద్రాసులో మొదలైన టాఫే కంపెనీవారి 1035 దాని సంతతే. పాత 35లలో రెండు ఇంజన్లు ఉన్నాయి. మొదట వచ్చిన స్టాండర్డ్ నాలుగు సిలిండర్ల డీజిలు చలిలో ఒక పట్టాన స్టార్టు కాదని పేరు తెచ్చుకున్నది. 1959లో దాని స్థానంలో పెర్కిన్స్ మూడు సిలిండర్ల ఇంజను వేశారు. 1035 ఆ మూడు సిలిండర్ల దారిలోదే. దానికి భాగాలు దొరకని మండల కేంద్రం లేదు.

లాకుల_దగ్గర

ఈ మాట నాకు తట్టకపోవడం నా తప్పు. అయినా తాతను చూడాలనుకున్నవాడికి మనవణ్ణి చూపించినట్టుగా ఉన్నది. ఆలోచిస్తాను.

అయోవా_మొక్కజొన్న

మాది గుంటూరు జిల్లా, ఇప్పుడు అమెరికాలోని అయోవాలో ఉంటున్నాము. ఇక్కడ పాత ట్రాక్టర్ల సేకరణ చాలా ఇళ్లల్లో భార్యాభర్తల ఉమ్మడి పనే. పక్క పొలం దంపతులను చూసి మేము కూడా మొదలుపెట్టాము. మా దగ్గర 1939 నుంచి 1953 వరకు తయారైన ఫార్మాల్ హెచ్ ఒకటి, జాన్ డీర్ బి ఒకటి ఉన్నాయి. జాన్ డీర్ రెండు సిలిండర్లది, దాని చప్పుడు పాలమూరువారు చెప్పిన ఐషర్‌కు దూరపు చుట్టం.

మా అనుభవంలో తేలింది ఒకటే. ఎవరు ఎంచుకున్నా సరే, ఇద్దరూ ఒంటరిగా స్టార్టు చేయగలిగిన బండినే కొనాలి. మా జాన్ డీర్‌ను పక్కన ఉన్న ఫ్లైవీలును చేత్తో తిప్పి స్టార్టు చేయాలి. మొదటి ఏడాది అది నావల్ల కాలేదు కనుక, మా ఆయన ఊరెళ్లినప్పుడు బండి ఉన్నా లేనట్టే ఉండేది. తరువాత పక్కింటి పెద్దావిడ దగ్గర నేర్చుకున్నాను. ఆవిడ బలం కంటే సమయం ముఖ్యమని, ముందు కుదింపు తగ్గించే కవాటాలు తెరిచి, సరైన స్థానానికి తెచ్చి, అప్పుడు ఒక్కసారి లాగాలని చూపించింది. హ్యాండిల్ తిప్పే బండ్ల విషయంలో కూడా ఒక జాగ్రత్త ఉన్నది. బొటనవేలును మిగతా వేళ్ల వైపే ఉంచి పట్టుకోవాలి, హ్యాండిలు చుట్టూ వేయకూడదు. ఇంజను వెనక్కి తన్నితే బొటనవేలు విరుగుతుంది.

ఇక్కడి వాటర్లూ ఊళ్లో జాన్ డీర్ వారి మ్యూజియం ఉన్నది, 2014లో తెరిచారు. కిందటేడు మా మామగారు గుంటూరు నుంచి వస్తే తీసుకువెళ్లాము. ఆయన అన్నిటికంటే ఎక్కువసేపు నిలబడింది అద్దంలా మెరిసే బండ్ల ముందు కాదు, రంగు పోయి మనిషి చెయ్యి తగిలి అరిగిన స్టీరింగు ఉన్న దాని ముందు.

చెరకుతోట

చివరి వాక్యం చదివి రాస్తున్నాను. దయచేసి కొన్న వెంటనే రంగు వేయించవద్దు. పాత రంగు ఒకసారి గీకేస్తే మళ్లీ రాదు. శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, పలుచగా నూనె రాస్తే చాలు. ఎవరో అయిదు దశాబ్దాలు కూర్చున్న సీటు మీద కొత్త పెయింటు కొట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

ఎర్రబానెట్

ఇందులో మీతో ఏకీభవించలేను. అయోవాలో పొడి కొట్టాలు ఉన్నాయేమో కాని, గోదావరి గాలిలో రంగు లేని రేకు రెండు వానాకాలాలకు జల్లెడ అవుతుంది. పైగా టీచరమ్మగారి జ్ఞాపకంలో ఉన్నది తుప్పు పట్టిన బండి కాదు, నాన్నగారు కొత్తగా తెచ్చిన ఎర్ర బండి. ఆమె దాన్ని ఎర్రగానే చూడాలి.

చెరకుతోట

తుప్పు పట్టిన చోట వేయించండి, కాదనను. బాగున్న చోట వదిలేయమంటున్నాను. బానెట్ లోపలి వైపు అసలు రంగు ఎప్పుడూ మిగిలి ఉంటుంది. అది చూసి రంగు కలిపించండి, ఫోటో చూసి కాదు.

కాలువగట్టు_టీచరమ్మ

చెరకుతోట గారి మాట, ఎర్రబానెట్ గారి మాట రెండూ నాకు నచ్చాయి. సీటును ముట్టుకోను.

పాలమూరు దంపతుల పుస్తకం చదివిన రాత్రే మేము కూడా చెరొక కాగితం తీసుకుని రాసుకున్నాము. నా కాగితంలో మొదటి కారణంగా నాన్నగారి పేరు లేదు, 'నేను నడపాలి' అని ఉన్నది. ఆ సంగతి రాసే వరకు నాకే తెలియదు. మా ఇంట్లో ఆడపిల్లను ఎన్నడూ ఆ సీటు మీద కూర్చోనివ్వలేదు. మావారి కాగితంలో చివరి వాక్యం, 'విప్పి చూడాలి, తొందర లేదు' అని ఉన్నది. అంటే నాకు కావలసింది నడిచే బండి, ఆయనకు కావలసింది విప్పదీసే బండి. ఇన్నాళ్లూ మేము ఏది ముందన్న దాని మీద పోట్లాడుకున్నాము కాని, దేనికోసమన్నది అడగలేదు.

అయినా కోయంబత్తూరు వెళ్లి చూడకుండా తేల్చకూడదని నేనే పట్టుబట్టి టికెట్లు తీశాను.

నల్లరేగడి_కర్నూలు

నడపడం నేర్చుకోవాలంటే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. కేంద్ర ప్రభుత్వానిది. ట్రాక్టర్ల వాడకం, మరమ్మత్తుల మీద రైతులకు శిక్షణ ఇస్తారు. మీరిద్దరూ ఒకసారి విచారించండి.

ఇంకొక మాట కాస్త గట్టిగానే చెబుతున్నాను. ఈ పాత బండ్లకు తిరగబడినప్పుడు మనిషిని కాపాడే ఇనుప చట్రం ఉండదు. మనవలు వచ్చినప్పుడు మడ్‌గార్డు మీద కూర్చోబెట్టుకోవడం మన ఊళ్లల్లో అందరికీ ముద్దే. కాని మా ఇంటి పిల్లవాడు ఒకడు అలాగే జారి చక్రం కింద పడ్డాడు. ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు. వెనుక తగిలించిన పనిముట్లను తిప్పే పీటీవో షాఫ్టుకు మూత లేకపోతే ముందు అది వేయించండి. చీరకొంగు, పంచె అంచు దానికి చిక్కితే వదలదు.

లాకుల_దగ్గర

మా మడ్‌గార్డుల మీద ఎవరూ కూర్చోరని ఇక్కడ అందరి ముందూ మాట ఇస్తున్నాను. ఆ పిల్లవాడు చల్లగా ఉండాలి.

కోయంబత్తూరు వెళ్లి వచ్చాము. డాష్‌బోర్డు మీది పలకను మా ఆవిడ నూనెగుడ్డతో తుడిచి, 'టీఈడీ' అని చదివింది. అమ్మేవారు దాన్ని పెట్రోలు బండి అన్నారు. టీఈ తరువాతి అక్షరం ఇంజను రకాన్ని చెబుతుంది. 'ఏ' అయితే స్టాండర్డ్ పెట్రోలు, 'ఎఫ్' అయితే డీజిలు, 'డీ' అయితే కిరోసిన్ లాంటి ట్రాక్టరు నూనె మీద నడిచేది. ముందు పెట్రోలుతో స్టార్టు చేసి, ఇంజను బాగా వేడెక్కాక ఆ నూనెకు మార్చాలి. చల్లగా ఉన్నప్పుడే మార్చితే కాలని నూనె సిలిండర్ల గోడల వెంట దిగి ఇంజనాయిలును పలుచన చేస్తుంది. ఈ బండి పెద్ద పళ్లచక్రం దగ్గర చేత్తో కదిపితే వెంట్రుకవాసి కూడా కదల్లేదు. సంపు విప్పనివ్వలేదు. పెద్దమేస్త్రిగారు చెప్పినట్టే రెండో రకమని లెక్కగట్టి ధర చెబితే వారు ఒప్పుకోలేదు.

నాకు దిగులేమీ లేదు. గేరు లీవరును 'ఎస్' అన్న చోటికి తోస్తేనే స్టార్టరు పనిచేసే ఆ అమరికను నా చేత్తో తోసి చూశాను. అంటే గేరులో ఉండగా బండి స్టార్టు కానే కాదు. 1946లోనే అంత జాగ్రత్త తీసుకున్నారు. కొట్టులో మూడో గుంజ పక్కన చోటు దానికోసం ఖాళీగా ఉంచుతాము. రెండో చోటులోకి 1035 వెతుకుతున్నాను.

మాగాణి_రైతు

మా తోడల్లుడి దగ్గర 1035 ఉన్నది. అమ్ముతాడో లేదో అడిగి చెబుతాను. ఆ బండి పని మాత్రం మానలేదు.

కాలువగట్టు_టీచరమ్మ

రసీదు దొరికింది. పెద్దాయన ఇనుప పెట్టెలో, పెళ్లి శుభలేఖల కింద ఉన్నది. బ్యాంకు సంతకం కావడానికి ఏడు వారాలు పట్టింది. వెనుక ఇరుసును జాకీ మీద లేపి చూస్తే కుడి వైపు కొద్దిగా ఆట ఉన్నది, దానికి ధర తగ్గించారు. బి-275 నిన్న మా కొట్టుకు చేరింది.

లిఫ్టు నూనె తీస్తే పెద్దమేస్త్రిగారు చెప్పిన టీ రంగే వచ్చింది. జల్లెడ నిండా ఒండ్రు ఉన్నది, ఎన్ని దాళ్వాలదో. మావారు కడిగారు, నేను కొత్త నూనె పోశాను. ఇప్పుడు గొర్రును ఎత్తుతున్నది, కాని ఎత్తిన చోట నిలబడడం లేదు, మెల్లగా దిగిపోతున్నది. ఏం చూడాలి?

ఆటోనగర్_పెద్దమేస్త్రి

గొర్రు పూర్తిగా ఎత్తి, ఇంజను ఆపి, అది నేలను తాకడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూడండి. కింద ఎవరూ చెయ్యి, కాలు పెట్టకూడదు.

కాలువగట్టు_టీచరమ్మ

పదకొండు నిమిషాలు. నేను లీవరు దగ్గర, మావారు గడియారం దగ్గర ఉన్నాము. రెండుసార్లు చూశాము, రెండోసారి పది నిమిషాల నలభై సెకన్లు.

ఆటోనగర్_పెద్దమేస్త్రి

అయితే పంపు బాగున్నది, దాని జోలికి వెళ్లవద్దు. లిఫ్టు సిలిండరు పిస్టను మీది రబ్బరు రింగు అరిగి ఉండవచ్చు, లేదా వాల్వు సరిగా మూసుకోవడం లేదు. ముందు రింగు మార్చండి, ఖర్చు తక్కువ. పై మూత విప్పేటప్పుడు బోల్టులను ఏది ఎక్కడిదో అట్టముక్క మీద గుచ్చి పెట్టుకోండి, పొడవులు వేరు వేరుగా ఉంటాయి. మూత బరువైనది, ఇద్దరూ చెరొక వైపు పట్టుకుని ఎత్తండి.